లేఖల వెల్లువ, విశ్వాస సోపానం: లైనక్స్ కెర్నెల్ చరిత్రలో ఒక పార్శ్వం

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, తాను అభిరుచి కొద్దీ నిర్మిస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ సంగతిని మినిక్స్ వాడుకరుల యూజ్‌నెట్ కూటమికి తెలియజేసిన నాడు, దానికి వచ్చిన స్పందన ఒక్క మనిషి తీరిక వేళల్లో చదివి జవాబు రాయగలిగినంతే. ఆ తర్వాతి మూడు దశాబ్దాలలో ఆ కెర్నెల్ చేతి ఫోన్ల నుంచి సూపర్ కంప్యూటర్ల వరకు విస్తరించిన వైనాన్ని చాలామంది చెప్పారు. ఆ విస్తరణకు నరాలవంటిదైన ఉత్తరప్రత్యుత్తర వ్యవస్థ మాత్రం, తాను మోసుకువచ్చిన విజయపు బరువు కిందే పలుమార్లు కుంగి, ప్రతిసారీ ఏదో ఒక సంస్థాగతమైన మార్పుతో తేరుకున్న చరిత్ర అంతగా పరిశీలనకు నోచుకోలేదు. కోడ్ రాసిన వారి కథకు ఉండే ఆకర్షణ, ఆ కోడ్‌ను చదివి తీర్పు చెప్పవలసిన వారి కథకు ఉండదు కాబోలు.

కెర్నెల్‌లో మార్పు కోరిన వ్యక్తి తన సవరణను ప్యాచ్ రూపంలో, అంటే పాత పంక్తులకూ కొత్త పంక్తులకూ గల భేదాన్ని మాత్రమే చూపే సాదా పాఠంగా, ఈమెయిలులో పంపడం తొలినాళ్ళ నుంచీ ఉన్న ఆచారం. అందుకున్న వారు ఆ పాఠంలోని పంక్తుల నడుమనే తమ ఆక్షేపణలను రాసి తిప్పి పంపుతారు; రచయిత దిద్ది మళ్ళీ పంపుతాడు; సమ్మతి కుదిరేవరకు ఈ రాకపోకలు సాగుతూనే ఉంటాయి. ఒకే లేఖ ఏకకాలంలో ప్రతిపాదన, వాదస్థలం, న్యాయనిర్ణయ పత్రం కావడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. ఆ సౌలభ్యమే దాని బలహీనత కూడా. చర్చకు వచ్చిన మార్పు సాధారణంగా పలు లేఖలను పుట్టిస్తుంది. వివాదాస్పదమైనదైతే వందలు పుట్టిస్తుంది.

మొదటి మెయిలింగ్ లిస్టు అయిన లైనక్స్ యాక్టివిస్ట్స్‌ను ఫిన్లండ్‌లోనే, టోర్వాల్డ్స్ కృతికి ఎఫ్‌టీపీ సర్వర్‌లో చోటిచ్చి దానికి లైనక్స్ అనే పేరును స్థిరపరచిన అరి లెమ్కే నడిపాడు. ఆ తొలి లిస్టులోనే చర్చలను విషయానుసారంగా వేర్వేరు పాయలుగా చీల్చే ఏర్పాటు ఉండేదన్న సంగతి గమనింపదగినది. సమస్య ఊహించినదానికంటే ముందే తలెత్తిందనడానికి అది సాక్ష్యం. 1992లో యూజ్‌నెట్‌లో లైనక్స్‌కు ప్రత్యేక కూటమి ఏర్పడి, సాధారణ వాడుకరుల సందేహాలు అటు మళ్ళాయి. 1994 మార్చిలో 1.0 వెలువడే సమయానికి కెర్నెల్‌లో 1,76,250 పంక్తుల కోడ్ ఉంది. ఆ దశకం నడుమకు వచ్చేసరికి, అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లర్ నిర్వహిస్తున్న వీజర్ అనే సర్వర్ మీది లైనక్స్ కెర్నెల్ లిస్టు, నిర్మాతలందరికీ ఉమ్మడి సభాస్థలిగా స్థిరపడింది.

సమూహం పెరిగిన కొద్దీ సంభాషణ భారం అంతకుమించిన వేగంతో పెరుగుతుందన్న హెచ్చరిక కొత్తది కాదు. ఐబీఎంలో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన అనుభవంతో ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన గ్రంథంలో, పదిమంది మధ్య 45 జంటలు సంభాషించవలసి వస్తే ఇరవై మంది మధ్య 190 జంటలు సంభాషించవలసి వస్తుందన్న గణితం ఉంది. ఎరిక్ రేమండ్ 1997లో చేసిన ప్రతివాదం ఏమంటే, అందరూ అందరితో మాట్లాడనవసరం లేదు, కేంద్రంలో ఉన్న కొద్దిమందితో అంచులలోని అనేకులు మాట్లాడితే చాలు, అనేక నేత్రాలు పడ్డ చోట దోషం దాగదు అని. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అయితే, అంచుల నుంచి వచ్చే ప్రతి పాయా చేరవలసిన కేంద్రం ఒక మనిషి అయినప్పుడు అతని రోజుకు ఎన్ని గంటలన్న ప్రశ్నను రేమండ్ తేలిగ్గా దాటవేశాడు. మరుసటి ఏడాదే ఆ ప్రశ్న తనంతట తాను ముందుకు వచ్చింది.

1998 నాటికి టోర్వాల్డ్స్ కాలిఫోర్నియాలో ట్రాన్స్‌మెటా సంస్థ ఉద్యోగి, గృహస్థు, కెర్నెల్ 2.2 విడుదలకు సన్నాహాలు సాగుతున్న కాలమది. అతనికి పంపిన ప్యాచ్‌లు స్వీకృతి గాని తిరస్కృతి గాని లేకుండా అదృశ్యమవుతున్నాయన్న ఫిర్యాదు ఆ సెప్టెంబరులో బాహాటమయింది. ఈలోగా వీజర్ మీద మిల్లర్ బృందం నిర్వహిస్తున్న మరో కోడ్ ప్రతిలోకి మార్పులు చేరుతుండగా, అక్కడ చేరినవి తన వద్దకూ చేరినట్టేనని పలువురు భావించడం టోర్వాల్డ్స్‌కు ఆగ్రహకారణమయింది. వాగ్వాదం ముదిరి, అతడు కొన్నాళ్ళు విరామం ప్రకటించి తప్పుకున్నాడు. సెప్టెంబరు 30న లారీ మెక్‌వాయ్ లిస్టుకు రాసిన సుదీర్ఘ లేఖలో, తప్పు ఎవరిదన్న చర్చను పక్కనబెట్టి, ఒక్క మనిషి శక్తికి మించిన పని అతని మీద పడిందనీ, విడివిడి ప్రతుల మధ్య మార్పులను సులువుగా కలపగల సాధనం ఉంటే తప్ప ఈ భారం దిగదనీ వాదించాడు. కలహం కొద్ది దినాలలో చల్లారింది. కారణం మాత్రం అలాగే మిగిలింది.

ఇక్కడ టోర్వాల్డ్స్ మౌనాన్ని గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. జవాబివ్వకపోవడం అతని దృష్టిలో నిర్లక్ష్యం కాదు, ఒక విధమైన జల్లెడ. నిజంగా అవసరమైన ప్యాచ్‌ను దాని కర్త మళ్ళీ పంపుతాడు, ఎవరికీ పట్టనిది దానంతటదే రాలిపోతుంది అన్నది ఆ పద్ధతి ఆంతర్యం. నిరుత్సాహపడక మళ్ళీ పంపమని కెర్నెల్ మార్గదర్శక పత్రమే కొత్తవారికి బోధించేది. పట్టుదల గలవారి విషయంలో ఈ జల్లెడ పనిచేసిన మాట వాస్తవమే. అయితే అది వడగట్టింది ప్యాచ్ యోగ్యతను కాదు, పంపినవాడి ఓర్పును. మంచి సవరణ చేసి ఒక్కసారి పంపి, జవాబు రాక మరలిపోయిన వారెందరో లెక్కించే వీలు లేదు గనుక, ఆ నష్టం ఎన్నడూ లెక్కలకెక్కలేదు.

లేఖలన్నీ చదవలేని చదువరుల పక్షాన మరో ప్రయత్నం ఇదే కాలంలో మొదలయింది. 1998 జనవరిలో జొనాథన్ కార్బెట్, ఎలిజబెత్ కూల్‌బా ప్రారంభించిన ఎల్‌డబ్ల్యూఎన్ వారపత్రిక, 1999 జనవరిలో జాక్ బ్రౌన్ ఆరంభించిన కెర్నెల్ ట్రాఫిక్ సంగ్రహం, వారం పొడవునా లిస్టులో నడిచిన వాదోపవాదాలను సారాంశీకరించి ఇచ్చేవి. రెండవది 2005తో ఆగిపోయింది; మొదటిది చందాదారుల ఆదరణతో నేటికీ సాగుతున్నది. ఒక వ్యక్తి వేలకొద్దీ లేఖలు చదివి వేలమందికి ఆ శ్రమ తప్పించడం పొదుపైన ఏర్పాటే. అయితే సారాంశం చదివినవాడికి వాదం తెలుస్తుంది గాని, తన ప్యాచ్‌ను ఎవరూ చదవలేదన్న దుఃఖం తీరదు. చదువరుల భారం ఒకటి, నిర్ణేతల భారం మరొకటి. ఈ రెంటినీ ఒకటిగా భావించడమే ఆనాటి అనేక ప్రతిపాదనల లోపం.

ఆ లోపం 2002 జనవరిలో స్పష్టంగా బయటపడింది. 28వ తేదీన రాబ్ లాండ్లీ చేసిన ప్రతిపాదన ప్రకారం, చెల్లాచెదరుగా పడిపోతున్న చిన్న ప్యాచ్‌లన్నిటినీ ఏరి, పరీక్షించి, టోర్వాల్డ్స్‌కు అందించేందుకు ఒక అధికారిని నియమించాలి. ప్యాచ్ పెంగ్విన్ అన్నది అతడు ఆ పదవికి పెట్టిన ముచ్చట పేరు. అంతకుముందు సంవత్సరాలలో అలన్ కాక్స్ తన సొంత ప్రతి ద్వారా అనధికారికంగా చేసినది ఇటువంటి పనే గనుక, సూచన నిరాధారం కాదు. టోర్వాల్డ్స్ దానిని అంగీకరించలేదు. తాను నేరుగా నమ్మేది కొద్దిమందిని మాత్రమేననీ, వారు తమ తమ విభాగాలలో మరికొందరిని నమ్ముతారనీ, ప్యాచ్ పంపదలచినవాడు ఈ గొలుసులో తనకు సమీపమైన కొసను పట్టుకోవాలే గాని తన తలుపు తట్టరాదనీ అతని సమాధానం. ఆ క్షణంలో అది చాలామందికి తప్పించుకునే మాటలా తోచింది. వెనుదిరిగి చూస్తే, లాండ్లీ కోరిన అధికారి వచ్చి ఉంటే ఇరుకు ఒక గుమ్మం నుంచి పక్క గుమ్మానికి మారేదే గాని తొలగేది కాదనిపిస్తుంది. వ్యాధిని గుర్తించడంలో లాండ్లీ, చికిత్సను ఎంచడంలో టోర్వాల్డ్స్ సరిగా ఆలోచించారనడం ఉభయులకూ న్యాయం.

గొలుసు సిద్ధాంతానికి అంతవరకు సాధనబలం లేదు. ఒక విభాగపు పెద్ద తాను సమ్మతించిన యాభై ప్యాచ్‌లను మళ్ళీ యాభై లేఖలుగానే పైకి పంపవలసి వస్తే, మధ్యవర్తి ఉన్నా పైవాడి టపా తగ్గదు. 2002 ఫిబ్రవరిలో టోర్వాల్డ్స్ మెక్‌వాయ్ సంస్థ రూపొందించిన బిట్‌కీపర్‌ను స్వీకరించడంతో, యాభై ప్యాచ్‌ల సమూహాన్ని ఒక్క అభ్యర్థనతో కలుపుకొనే వీలు కలిగింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజం తన కేంద్రకార్యాన్ని ఒక వాణిజ్య సంస్థ షరతులకు లోబడిన సాధనానికి అప్పగించడం పలువురిని నొప్పించింది. ఆ నొప్పి అకారణం కాదని 2005 ఏప్రిల్‌లో రుజువయింది. ఆండ్రూ ట్రిడ్జెల్ బిట్‌కీపర్ భాషను ఛేదించి స్వతంత్ర సాధనం నిర్మించబూనడంతో, సంస్థ ఉచిత అనుమతిని ఉపసంహరించుకుంది. టోర్వాల్డ్స్ కెర్నెల్ పనిని పక్కనబెట్టి అదే నెలలో గిట్‌ను రాయనారంభించాడు. జూన్‌లో వెలువడిన 2.6.12 దాని సాయంతో నిర్వహితమైన తొలి విడుదల. జూలైలో గిట్ బాధ్యతను జునియో హమానోకు అప్పగించాడు. ఇవాళ ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు అనుదినం వాడే గిట్, ఒక మనిషి టపాపెట్టె నిండిపోవడమనే సమస్యకు సమాధానంగా మొదలైన అన్వేషణ ఫలితమన్న విషయం తరచు మరుగున పడుతుంటుంది.

2005 నుంచి నిర్మాణచక్రానికి ఒక లయ కుదిరింది. ప్రతి విడుదల తర్వాత రెండు వారాలపాటు కొత్త మార్పుల స్వీకారం, ఆపై ఏడెనిమిది వారాలు దోషనివారణ. ఎవరు ఏ విభాగానికి బాధ్యులో, ఆ విభాగపు చర్చ ఏ లిస్టులో నడుస్తుందో చెప్పే మెయింటైనర్స్ అనే పట్టిక కెర్నెల్ కోడ్‌లోనే అంతర్భాగంగా ఉండేది. ఇప్పుడు ప్యాచ్‌ను చూసి దాని గ్రహీతలను ఆ పట్టిక నుంచి తేల్చిచెప్పే చిన్న ప్రోగ్రామ్ కూడా తోడయింది. నెట్‌వర్కింగ్, మెమరీ, ఫైల్ సిస్టమ్‌లు, యూఎస్‌బీ, ఇలా ప్రతి శాఖకూ సొంత లిస్టు ఏర్పడింది. శాఖలు విడిపోతే వాటి మధ్య పొసగనితనం ఆఖరి ఘడియలో బయటపడుతుందన్న భయానికి విరుగుడుగా, 2008లో స్టీఫెన్ రాత్వెల్ అన్ని శాఖల పనినీ దినదినమూ కలిపి పరీక్షించే లైనక్స్ నెక్స్ట్‌ను ఆరంభించాడు. అదే కాలంలో జెరెమీ కెర్ రూపొందించిన ప్యాచ్‌వర్క్, లిస్టుకు వచ్చిన ప్రతి ప్యాచ్‌నూ పట్టికకెక్కించి, స్వీకృతమా, తిరస్కృతమా, ఇంకా చూడవలసి ఉందా అన్నది నమోదు చేసే ఏర్పాటు. 1998 నాటి అదృశ్యాల ఫిర్యాదుకు, దాన్ని వాడుకున్న శాఖలలోనైనా, కొంత ఆలస్యంగా లభించిన సమాధానమది.

ఈ మార్పులన్నిటి ఫలితంగా ప్రధాన లిస్టులో రద్దీ తగ్గిందనుకుంటే పొరపాటు. రోజుకు 500 లేఖలు రావచ్చునని కెర్నెల్ మార్గదర్శక పత్రం ఒకనాడు హెచ్చరించింది. తర్వాతి కాలంలో ఆ సంఖ్య వెయ్యి దాటడం మామూలయింది. ప్రతి చర్చనూ అనుసరించబూనవద్దని, ఆ పని మరెవరూ చేయడం లేదని అదే పత్రం నిస్సంకోచంగా చెబుతుంది. సభాస్థలిగా పుట్టిన లిస్టు క్రమేణా భాండాగారంగా మారింది. అందులో వేసిన ప్రతి లేఖ సంబంధిత మెయింటైనరుకు ప్రతిగా వెళుతుంది గనుక, లిస్టును ఎవరూ చదవకపోయినా పని ఆగదు. ఇది పతనమా, పరిణామమా అన్నది చూసేవారి స్థానాన్ని బట్టి ఉంటుంది. ఒక శాఖలోని పొరపాటును మరో శాఖవాడు యాదృచ్ఛికంగా చూసి సరిదిద్దే తొలినాళ్ళ భాగ్యం తగ్గింది. దాని స్థానంలో బాధ్యత ఎవరిదన్న స్పష్టత పెరిగింది. రేమండ్ చెప్పిన అనేక నేత్రాలు ఇప్పుడు ఒకే చోట కాక పలుచోట్ల విడివిడిగా నిలిచాయి.

పైగా లేఖలు రాసేవారిలో యంత్రాలూ చేరాయి. ఇంటెల్ సంస్థ నడిపే స్వయంచాలక పరీక్షావ్యవస్థ ప్రతి ప్యాచ్‌నూ కంపైల్ చేసి దోషముంటే లేఖ రాస్తుంది. 2017 నుంచి గూగుల్ వారి సిజ్‌బాట్ కెర్నెల్‌ను యాదృచ్ఛిక ఆదేశాలతో వేధించి, కూలిన ప్రతి సందర్భాన్నీ నివేదిస్తుంది. ఇవి చేసిన మేలు అపారం. కానీ యంత్రానికి అలసట లేదు, దాని నివేదికను చదివి దిద్దవలసిన మనిషికి ఉంది. 2021లో థోర్‌స్టెన్ లీమ్‌హుయిస్ ఆరంభించిన రెగ్జ్‌బాట్, ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు పనిచేయనివాటి నివేదికలు లేఖల మధ్య మరుగున పడకుండా జాబితా కట్టే యంత్రం. యంత్రాలు పెంచిన రాశిని అదుపుచేసే పనికి మరో యంత్రమే కావలసి వచ్చిందన్నమాట.

ఇంత ప్రయాస ఉండగా ఈమెయిలును విడిచి వేరొక వేదికకు ఎందుకు పోలేదన్న ప్రశ్న సహజం. పైథాన్ భాషా నిర్మాతలు 2022లో తమ లిస్టు చర్చలను డిస్కోర్స్ వేదికకు తరలించారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిర్మాతలు లిస్టును విడవకుండానే, 2008 నుంచి కమిట్‌ఫెస్ట్ అనే మాసావధిక సమీక్షాకాలాలను ఏర్పరచుకుని, ఆ కాలంలో పెండింగు ప్యాచ్‌లన్నిటినీ వరుసగా పరిశీలించే నియమం పెట్టుకున్నారు. తన ప్యాచ్‌ను సమర్పించినవాడు అంతే పాటి మరొకరి ప్యాచ్‌ను సమీక్షించాలన్నది అందులోని మేలైన ఆలోచన. నా అభిప్రాయంలో, సమీక్షకుల శ్రమను ఉత్పత్తిదారుల మీద కొంతైనా తిరిగి మోపిన ఈ ఏర్పాటు కెర్నెల్ సోపానక్రమం కంటే ధర్మబద్ధమైనది. అయితే కెర్నెల్ పరిమాణం వేరు. కెర్నెల్ ప్రతి విడుదలలోనూ సుమారు రెండువేల మంది చేసిన 12 వేల పైచిలుకు మార్పులు చేరుతుంటాయి. 2020 నాటికి దాని కోడ్ 2 కోట్ల 70 లక్షల పంక్తులు దాటింది. ఇంత రాశికి పరస్పర సమీక్షా నియమం తట్టుకోగలదా అన్నది ఎవరూ పరీక్షించి చూడలేదు.

కెర్నెల్ నిర్మాతలు ఈమెయిలునే పట్టుకుని ఉండటంలో అలవాటు పాత్ర లేకపోలేదు. కానీ బిట్‌కీపర్ నేర్పిన పాఠం పాత్ర అంతకంటే పెద్దది. ఏ ఒక్క సంస్థ ఆస్తీ కాని మాధ్యమం, ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా భద్రపరచగల పాఠం, నెమ్మదైన కనెక్షన్ ఉన్నవాడికీ అందే సరళత్వం వారికి విలువైనవిగా తోచాయి. కనుక మాధ్యమాన్ని మార్చకుండా చదివే పద్ధతిని మార్చే ప్రయత్నాలు జరిగాయి. 2018లో లోర్ అనే పేరుతో వెలసిన భాండాగారంలో, ఎరిక్ వాంగ్ రాసిన పబ్లిక్ ఇన్‌బాక్స్ ఆధారంగా, లిస్టుల సమస్త చరిత్రా చందా లేకుండానే ఎవరైనా వెదకి చదివే వీలు కలిగింది. తర్వాత వచ్చిన సాధనంతో చదువరి తనకు కావలసిన విషయాన్ని, ఫైలును, పేరును ముందే నిర్దేశించుకుని, వాటికి సరిపోలిన లేఖలను మాత్రమే తన పెట్టెలోకి రప్పించుకోవచ్చు. మూడు దశాబ్దాలుగా లిస్టు చదువరి మీద కురుస్తూ వచ్చింది. ఇప్పుడు చదువరి లిస్టులోంచి తోడుకోసాగాడు. లైనక్స్ ఫౌండేషన్ ఉద్యోగి కాన్‌స్టాంటిన్ ర్యాబిట్సెవ్ 2020లో అందించిన బీ4, పలు లేఖలుగా వచ్చిన ప్యాచ్‌ల వరుసను వాటికి లభించిన ఆమోదాలతో సహా ఒక్క ఆదేశంతో సమకూర్చిపెడుతుంది. 2023 నవంబరులో వీజర్ మీది పాత మేజర్‌డొమో యంత్రాంగం కూడా విరమించి, లిస్టులు కొత్త ఏర్పాటులోకి మారాయి.

ఈ సాధనాలన్నీ ప్రశంసనీయాలే. అయినా 1998లో ఒక వ్యక్తి మీద పడిన భారం నేడు కొన్ని వందల మంది మెయింటైనర్ల మీద పంపకమయిందే గాని, తీరలేదు. ప్యాచ్ రాసినవాడికి పేరు వస్తుంది, కొన్ని కంపెనీలలో పదోన్నతీ వస్తుంది. చదివినవాడికి ఇవేవీ అంత సులువుగా రావు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన లేఖల పరుషత్వానికి క్షమాపణ చెప్పి కొన్ని వారాలు తప్పుకోవడాన్ని, అప్పుడే ప్రవర్తనా నియమావళి అమలులోకి రావడాన్ని చాలామంది మర్యాద విషయంగానే చర్చించారు. ఆ పారుష్యంలో స్వభావం పాలు ఎంతో, తెరిపిలేని టపా పాలు ఎంతో వేరుచేసి చెప్పడం కష్టం. కారణం తెలిసినంత మాత్రాన గాయపడ్డవారి పట్ల బాధ్యత తగ్గదు కూడా.

మెయింటైనర్స్ పట్టికలో ప్రతి విభాగం ఎదుటా దాని స్థితి రాసి ఉంటుంది. జీతం తీసుకుని చూసుకునేవారున్నవి, ఎవరో ఒకరు చూసుకుంటున్నవి, తీరిక దొరికినప్పుడు చిల్లర సవరణలు మాత్రమే చేసేవారున్నవి, అసలు ఎవరూ లేక అనాథలైనవి. చివరి వర్గంలో నేటికీ కొన్ని విభాగాలు ఉన్నాయి, వాటికి ప్యాచ్‌లు వస్తూనే ఉన్నాయి. అవి పై అంతస్తులోని మరో మెయింటైనర్ పెట్టెకు చేరుతున్నాయి.